వచ్చినవాళ్ల వైఫై

పులుసు కలుపుతుంటే వేడి తగిలిన చెక్క గరిటె నుంచి సన్నగా కొయ్య వాసన వచ్చింది. అంతలో చుట్టపుచూపుగా వచ్చిన బావగారు, మా ఆయనకు అన్న, హాల్లోంచి కేకేశారు: "వైఫై పాస్‌వర్డ్ ఏందమ్మా?" నా చెయ్యి ఆగింది. ఈ గరిటె చేయించిన మస్తానమ్మక్క కళ్లముందు నిలిచింది.

ఉదయగిరిలో ఆమె వసారా నిండా ఆడవాళ్లు కూర్చుని చెంచాలు, గరిటెలు చెక్కేవారు. ఆన్‌లైన్ ఆర్డర్లు చూడడానికి నన్ను పెట్టుకుంది. కొత్త నమూనాల ఫోటోలన్నీ నా కంప్యూటర్లో, మా వైఫైలో ఉన్న ఫోన్లకు కనపడే ఒక ఫోల్డర్లో ఉండేవి. అక్కకు కోపమొస్తే వీధి చివరిదాకా వినపడేది. తయారైన ప్రతి చెంచానూ చెంపకు రాసి చూసేది. "తినేవాళ్లకి గుచ్చుకుంటే మన పనెందుకు పాపా?" అనేది.

ఒకసారి సరుకు కోసం వచ్చిన వ్యాపారి నెల్లూరు బస్సు వచ్చేదాకా మా వైఫై వాడుకుంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఫోన్ చూపించి, "ఈ నెమలిపిడి గరిటె ఎప్పుడమ్ముతారు?" అన్నాడు. ఇంకా బయటపెట్టని నమూనా అది! అందరికీ ఒకే వైఫై కావడంతో మా ఫోల్డర్ అతని ఫోన్లో తెరుచుకుంది. దాన్ని ఇంకొకరు ముందే చేయించి అమ్మితే, వసారాలోని వాళ్లకు పని పోయినట్టే. అతను వెళ్లగానే, ఇక ఎవరికీ వైఫై ఇవ్వొద్దన్నాను.

"ఏంది నువ్వు చెప్పేది? ఎండన పడి వచ్చినోళ్లకి లేదంటామా? ఇవ్వాల. మన పని మాత్రం వాళ్ల కంట పడకూడదు. దారి చూడు," అంది అక్క.

రౌటర్‌లో వచ్చినవాళ్ల కోసం గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అయిపోయిందన్నాను. అక్క తన ఫోన్ నా ముందుకు తోసింది. "నన్ను బయటిదాన్ని చేసి చూపించు." గెస్ట్‌లో కలిపి చూస్తే, ఖర్మ, మా ఫోల్డర్ మళ్లీ తెరుచుకుంది! "పేరు మార్చినావు గానీ తలుపు తెరిచే ఉండాది. మళ్లీ చెయ్యి," అంది. సెట్టింగులన్నీ వెతికాను. వచ్చినవాళ్లు లోపలి కంప్యూటర్లను చూడవచ్చనే చోట టిక్కు ఉంది. తీసేశాను. ఈసారి నెట్ వచ్చింది, ఫోల్డర్ రాలేదు. "ఇప్పుడు నున్నగా ఉండాది," అని నవ్వింది. నెమలిపిడి గరిటెలు ముందుగా మా వసారా నుంచే వెళ్లాయి.

ఈ ఆత్మకూరు సంబంధం కుదిర్చిందీ ఆమే. పెళ్లయ్యాక ఒకసారి వచ్చి వైఫై అడిగింది. ఇక్కడా గెస్ట్ వేరుగా పెట్టుకున్నా, ఆమె దగ్గర దాపరికమేమిటని ఇంటి పాస్‌వర్డే చెప్పబోయాను. కసురుకుంది. "వచ్చినోళ్లది చెప్పు. నాకు తలుపు తీస్తే, రేపు ఇంకొకరు మొహం మాడ్చుకుంటే వాళ్లకీ తీస్తావు."

అక్క పోయాక ఆ ఆడవాళ్ల ఆర్డర్లు మా ఇంటినుంచే చూస్తున్నాను. వాళ్ల నమూనాలన్నీ ఇక్కడే ఉన్నాయి. అక్క లేదన్న దిగులు మాత్రం ఇంకా తీరలేదు.

పొయ్యి తగ్గించి, హాల్లోకి వెళ్లి గెస్ట్ పాస్‌వర్డ్ చెప్పాను.

"గెస్టా? మేం పరాయోళ్లమైనామా?" బావగారి మొహం ముడుచుకుపోయింది.

"మస్తానమ్మక్కకీ ఇదే ఇచ్చినాను బావగారూ," అన్నాను.