పాయింటు చూసే ఓనరు

అనంతపురంలో నేను పనిచేసిన వెబ్‌సైట్ల ఆఫీసు చాలా చిన్నది. ఓనరు వాళ్ల నాన్న ఒకప్పుడు బోరు పాయింట్లు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది లేచి నిలబడ్డ చోట నీళ్లున్నాయనేవాడట.

కొడుక్కీ అదే పద్ధతి. ఏ బటన్ ఎక్కడ పెట్టాలని అడిగితే కళ్లు మూసుకుని, చూపుడువేలు తెర ముందు నెమ్మదిగా తిప్పి ఒకచోట ఆనించేవాడు.

"ఈడ పెట్టు పాపా. పడతాది."

ఎందుకని అడిగితే మొహం ముడుచుకునేవాడు.

ఒక చీరల వ్యాపారి సైటులో 'కొనండి' బటన్‌ని అలాగే అడుగున మూలకి పెట్టించాడు. నేను వద్దన్నా వినలేదు. రెండు నెలల తర్వాత వ్యాపారి ఆఫీసుకే వచ్చాడు.

"ఏమప్పా, ఒక్క చీరన్నా పోలేదే?"

బోరు పడనప్పుడు వాళ్ల నాన్న రైతులకు ఏం చెప్పేవాడో నాకు ఆ రోజు అర్థమైంది. ఓనరు తడుముకోలేదు.

"నేను చూపిచ్చిన పాయింటు కరెక్టేన్నా. ఈ పాపే రెండడుగులు పక్కకి పెట్టినాది."

ఆ వారమే నన్ను ఉద్యోగం మాన్పించాడు. నా కంప్యూటర్ తెర వెడల్పే అడుగున్నర. రెండడుగులు పక్కకంటే, ఆ బటన్‌ని నేను గోడకి పెట్టి ఉండాలి.