థ్రాటిల్‌లో ఒక చుక్క వేరుశనగ నూనె

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. చెబితే నవ్వుతారేమోనని ఒక భయం. నవ్వకుండా ఛీ అంటారేమోనని ఇంకో భయం. వినడానికి విషయం చాలా చిన్నది మరి. ఒక పాత కారు, ఒక చుక్క నూనె. ఇంతేనా అంటారు మీరు. ఇంతే. ఈ ఇంతకే ఒక మనిషి ముప్పయ్యేళ్ళు కష్టపడి సంపాదించుకున్న మంచిపేరు మట్టిలో కలిసింది. కలిపింది నేను.

నా పేరు చెప్పను. గార్లదిన్నె వైపు ఒక పల్లె మాది. బడిలో లెక్కలు చెబుతాను. తాను చేసిన తప్పును పక్కవాడి మీద తోసే పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించి నిలబెడతాను. అవును, నేనే! నిలబెట్టి, నిజాయితీ గురించి పావుగంట ఉపన్యాసం కూడా ఇస్తాను. ఆ పావుగంటా నా గొంతు వింటుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

కారు సంగతి చెప్పాలి ముందు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ కారు. నా చేతికి వచ్చేసరికే దానికి పన్నెండేళ్ళు. మా వైపు వాన పడదు, దుమ్ము పడుతుంది. వేరుశనగ కాయలు రాల్చే కాలంలోనైతే ఎర్రదుమ్ము, పొట్టు కలిసి ఊరంతా కమ్మేస్తాయి. అది ఎక్కడ దూరకపోయినా నా కారు ఇంజిన్‌లో మాత్రం తప్పకుండా దూరేది. నడిచినంతసేపు బాగానే నడిచేది. ఎక్కడైనా ఆపితే ఇంజిన్ గుర్రుగుర్రుమని ఎగిరి, దిగి, చచ్చిపోయేది. టౌన్లో టవర్ క్లాక్ దగ్గర వెనకాల బస్సువాడు హారన్ కొడుతుంటే నేను తాళం తిప్పుతూ, తిట్టుకుంటూ, చెమటలు కక్కుతూ... వద్దులెండి, ఆ కారు గురించి మొదలుపెడితే అసలు సంగతి పక్కకు పోతుంది. పక్కకు పోనివ్వడం నాకు బాగా అలవాటు.

మెకానిక్ మస్తానన్న దగ్గరికి తీసుకెళ్ళాను. బుక్కరాయసముద్రంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. పక్కనే ఆయన భార్య బజ్జీల బండి. మా అన్న ట్రాక్టర్లు, జీపు, మా చుట్టాల బండ్లు అన్నీ ఆయన చేతిమీదుగానే నడిచేవి. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. ఆయనకో పద్ధతి ఉండేది. బండి వదిలేసి వెళతానంటే ఒప్పుకోడు. పక్కన నిలబెట్టుకుని, ఏది విప్పాడో, ఎందుకు విప్పాడో చెబుతూ పని చేస్తాడు. ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం ఊడదీసి, లోపల గుండ్రటి బిళ్ళ చూపించాడు. పెడల్ తొక్కితే ఆ బిళ్ళ తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు లాగి మూసేస్తుంది. దాన్నే థ్రాటిల్ బాడీ అంటారని అప్పుడే నాకు తెలిసింది. బిళ్ళ అంచు చుట్టూ నల్లగా మసి పేరుకుపోయి ఉంది. మసి వదిలించే మందు కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, నా చెయ్యి పట్టుకుని నా వేలు లోపల పెట్టించాడు. వేలికి ఏమీ అంటలేదు.

"నూనె గీనె పెట్టొద్దు సార్. పొడిగానే ఉండల్ల. ఈ దుమ్ముకు నూనె తగిలిందంటే బంకయిపోతాది" అన్నాడు.

విన్నాను. తల కూడా ఊపాను.

కారు బ్రహ్మాండంగా నడిచింది. కానీ పెడల్ తొక్కినప్పుడల్లా కిర్రుమనడం మొదలైంది. చిన్న చప్పుడే. పట్టించుకోకుండా ఉండొచ్చు. నేను ఉండగలనా? ఉండలేను. మా ఇంట్లో కిర్రుమన్న ప్రతిదానికీ ఒకటే మందు: మా చేలో పండిన కాయలు గానుగ ఆడించి తెచ్చుకున్న నూనె. తలుపు బందులకు అదే, కుట్టు మిషనుకు అదే, సైకిల్ చైనుకు అదే, చిన్నప్పుడు మా తలలకూ అదే. చెయ్యి దానంతట అదే వంటింటి వైపు పోయింది. మస్తానన్న మాట గుర్తురాలేదా అంటే, వచ్చింది. ఒక్క చుక్కకేమవుతుందిలే అనుకున్నాను. గొట్టం నేనే ఊడదీసి, బిళ్ళ తిరిగే ఇరుసుకు రెండు వైపులా నూనె పెట్టాను. ఒక చుక్క అని పైన రాశాను కదా. అదీ నిజం కాదు. చెంచాడు ఉంటుంది.

కిర్రు ఆగిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మండుటెండల కాలం. ఇంజిన్ వేడికి ఆ నూనె ఉడికి, దుమ్ము పట్టి, చిక్కటి జిగురైపోయింది. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది. పది రోజులు గడిచాక వదినను ఎక్కించుకుని, చుట్టాలింట్లో తొట్టెల వేడుకకు బయల్దేరాను. మా ఊరి మలుపు దగ్గర పెడల్ మీద నుంచి కాలు తీశాను. ఇంజిన్ తగ్గలేదు. అరుస్తూనే ఉంది. బ్రేకు తొక్కాను, బండి ఆగనంటోంది. తాళం తీసేయాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. చేను చుట్టూ పాతిన రాతి కూసాలను గుద్దుకున్నాకే వచ్చింది. వదిన కుడి మణికట్టు విరిగింది. నాకు ఒక్క గీత కూడా పడలేదు.

వదినను ఆసుపత్రిలో చూపించి, కట్టు కట్టించి తెచ్చాక, మధ్యాహ్నం మా అన్న కారు దగ్గరికొచ్చాడు. అన్నంటే నాకు భయం. నలభై దాటిన మనిషికి అన్నంటే భయమేమిటని అడక్కండి, ఉంది. అంతకు ముందు ఏడాదే చూసుకోకుండా స్విచ్ వేసి బోరు మోటారు కాల్చేశాను. "నువ్వు ముట్టుకున్నది బాగుపడింది ఒక్కటి చూపీరా" అని నలుగురిలో అన్నాడు. ఆ మాట ఇంకా చల్లారలేదు. ఇప్పుడేమో కట్టుకున్న భార్య చెయ్యి విరిగి ఇంట్లో మూలుగుతోంది.

"దీన్ని ముట్టుకున్నోడెవుడు?" అన్నాడు.

మస్తాన్ అన్నాను. అబద్ధం కాదు కదా, ఆయన ముట్టుకున్నాడు కదా! చూశారా నా తెలివి? లెక్కల సారు తెలివి.

మస్తానన్నకు కబురు పోయింది. మోపెడ్ మీద వచ్చాడు. అప్పటికి ఇరవై మంది దాకా పోగయ్యారు. గొట్టం ఊడదీసి బిళ్ళను వేలితో నొక్కాడు. నొక్కిన చోటే ఉండిపోయింది, వెనక్కి రాలేదు. లోపల వేలు పెట్టి తీసి, వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"సార్, నేను పొడిగా తుడిచిచ్చినా. నువ్వు గూడా వేలు పెట్టి సూసినావు. దీంట్లో సెనక్కాయల నూనె వాసనొస్తాంది. నువ్వేమన్నా ఏసినావా?"

అందరూ నా వైపు తిరిగారు. అన్న కూడా.

"నేనెందుకు ఏస్తా మస్తానన్నా?" అన్నాను. అక్కడితో నోరు మూసుకున్నా ఇంత పాపం ఉండేది కాదు. మూసుకోలేదు. "మీ ఇంటామె బజ్జీలు కాలుస్తాది గదా. తిన్న చెయ్యి తుడుసుకోకుండా పని చేసింటావు, సూసుకో."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"నా చెయ్యి అట్లాంటిది కాదన్నా" అన్నాడు మస్తానన్న, నాతో కాదు, మా అన్నతో.

"బజ్జీల చేత్తో బండ్లు రిపేరీ సేస్తాండావా? నా ఇంటిదాని చెయ్యి ఇరిగిందప్పా ఈడ! ఇంగ మా బండి ఒక్కటి నీ షెడ్డు కాడికొస్తే అడుగు, పో!" అన్నాడు అన్న.

ఆయన గొట్టం మళ్ళీ బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పరిస్థితిలో కూడా గొట్టం బిగించి వెళ్ళాడండీ! నాకు ఇప్పటికీ దాని మీదే కోపం. విసిరికొట్టొచ్చు కదా? నా చొక్కా పట్టుకుని నాలుగు తగిలించొచ్చు కదా?

ఆ సాయంత్రానికే ఊళ్ళో 'బజ్జీ మెకానిక్' అనే పేరు పుట్టింది. అన్న ట్రాక్టర్లు ఆ షెడ్డుకు పోవడం మానేశాయి. అన్నను చూసి చుట్టాలు మానేశారు, వాళ్ళను చూసి మిగిలినవాళ్ళు. ఎవరైనా బండి తెచ్చినా, "చెయ్యి కడుక్కున్నావా మస్తానూ?" అని ఇకిలించడం. ఏడాది తిరగకుండా షెడ్డు మూసేశాడు. ఇప్పుడు భార్య బండి దగ్గరే మిరపకాయలు కోస్తాడు, పిండి కలుపుతాడు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పిన మనిషి! రోజూ బడికి ఆ దారినే పోవాలి నేను. కనబడితే చాలు, "నమస్తే సార్, బాగుండారా?" అంటాడు. పదకొండేళ్ళుగా అదే నమస్తే. ఒక్కసారి మొహం తిప్పుకున్నా నాకు కాస్త తేలికయ్యేది.

ఇంట్లో ఇంకో శిక్ష. వదిన మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తో బిందె ఎత్తలేదు. కాఫీ గ్లాసు నా ముందు పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి సాయం పట్టుకుంటుంది. నొప్పి ఎక్కువైన రోజున, "ఆ మస్తాన్‌గాని చేతులిరిగిపోనూ" అని శాపనార్థాలు పెడుతుంది. నేను ఎదురుగా కూర్చుని ఆ కాఫీ తాగుతాను. ఏం మనిషిని నేను? ఒక్కసారి కూడా "అట్లనొద్దు వదినా" అన్న పాపాన పోలేదు. అంటే ఎందుకని అడుగుతుంది కదా.

కారు ఇప్పటికీ ఉంది. థ్రాటిల్ నేనే శుభ్రం చేసుకుంటాను, కాయలు రాల్చడం అయిపోగానే, ఏటా. మందు గుడ్డ మీద కొట్టుకుని, బిళ్ళ అంచు రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూసుకుంటాను. ఇప్పుడు ఇంత శ్రద్ధ! ఎవరికి కావాలి ఈ శ్రద్ధ?

పోయిన నెల బజ్జీల బండి దగ్గర ఆగాను. ఆయన భార్య పిండి కోసం అంగడికి పోయింది, బేరాలు కూడా లేవు. నాకు నేను గడువు ఇచ్చుకోకుండా, గబగబా చెప్పేశాను. నూనె నేనే పెట్టానన్నాను. నీ మాట వినలేదన్నాను. అందరి ముందూ అబద్ధమాడానన్నాను.

ఆయన మిరపకాయ చీల్చడం ఆపలేదు.

"నాకు తెల్దా సార్? వాసన సూసినప్పుడే తెల్సు. నా చెయ్యి నాకు తెల్దా?"

"మరి అప్పుడెందుకు గట్టిగా అడగలేదన్నా?"

"అడిగినా గదా. నువ్వు లేదంటివి." ఇంకో కాయ తీసుకున్నాడు. "ఇప్పుడు తెల్సినోని కాడికొచ్చి చెప్తాండావు. తెలీనోళ్ళకు చెప్పుపో సార్."

క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. ఎవరో స్కూటర్ మీద వచ్చారు, ఎన్ని కావాలని వాళ్ళను అడిగాడు.

తెలియనివాళ్ళు. ఎవరు వాళ్ళు? మా అన్న, మా వదిన, ఆ రోజు నవ్విన ఇరవై మంది. మూడుసార్లు చేలో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళాను. బోర్ల గురించి మాట్లాడాం, వాన గురించి మాట్లాడాం, రాని వాన గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. మూడుసార్లూ మజ్జిగ తాగి తిరిగొచ్చాను. అందుకని మీకు చెబుతున్నాను. మీకూ తెలియదు కదా. మీరైతే నన్ను చూడరు, రేపు నా ఎదురుగా కూర్చోరు. తేలికైనవాళ్ళను ఎంచుకున్నాను. అది నాకు తెలుస్తూనే ఉంది. ఆయన పేరు ఇన్నిసార్లు రాశాను, నా పేరు ఒక్కసారి కూడా రాయలేదు. అదీ తెలుస్తూనే ఉంది.

అయినా రాస్తున్నాను. ఇంతవరకూ ఎక్కడా, ఏ కాగితం మీదా లేని మాట ఇది, ఒక్కచోటైనా ఉండనివ్వండి. మస్తాన్ పని శుభ్రంగా చేశాడు. ఆయన చేతిలో ఏ తప్పూ లేదు. నూనె పెట్టింది నేను.