పడమటి వాలు గడ్డి

శివరాత్రి దాటి ఎండ ముదిరే కాలానికి ధర్మవరంలో అంగళ్ళవాళ్ళ ధ్యాసంతా పెళ్ళి చీరల మీద ఉంటుంది. నాదీ పట్టుదారం అమ్మే చిన్న రేషం అంగడే. అయినా ఆ రోజుల్లో నా ధ్యాస పెనుకొండ అవతల, నేను పుట్టిన ఊరి కొండ మీద ఉంటుంది. ఎవరు ఎప్పుడు అగ్గిపుల్ల గీస్తారో అని.

మా దిక్కు కొండకు నిప్పు పెట్టడం ఎవరూ తప్పనుకోరు. ఎండిన బోద గడ్డి కాలిపోతే తొలి వానకు లేత గడ్డి లేస్తుంది. గొర్రెలు ఇష్టంగా తింటాయి. కొండ కాలితే వాన వస్తుందని కూడా అంటారు. చిన్నప్పుడు మిద్దె మీద పండుకుని, చీకట్లో కొండ మీద ఎర్రటి గీత పాకుతుంటే తేరు చూసినట్టు చూసేవాళ్ళం. ఆ గీతతో పాటు కలివి పొదలు పోయినాయి, కౌజుపిట్టల గుడ్లు పోయినాయి, వాన నీళ్ళను పట్టి ఉంచే మన్ను పోయింది. కండ్లముందర పోయినవాటిని నేను మరిచిపోలేదు. అది నా జబ్బు.

బడిలో నేను చదివింది తక్కువ. తరువాతి చదువంతా పాత పేపర్ల అంగట్లో. తూకానికి కొన్న ఇంగ్లీషు పత్రికలను డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుని చదివినాను. వాటిలో మా కొండలను 'పనికిరాని భూమి' అని రాసి ఉంటే పుట్టిన కోపం ఇప్పటికీ ఆరలేదు. ఎవరికి పనికిరాదు? అని ఆ కాగితాన్నే అడిగినాను. కాగితం ఏం చెబుతుంది.

ఆ కోపంతోనే కొన్నేండ్ల కిందట ఊరికి పోయి మా మేనత్త కొడుకు దగ్గర కూర్చున్నాను. నాకు బావ. ఊళ్ళో గొర్రెల కాపరులకు ఆయన మాటే మాట.

"పడమటి వాలు ఒక్కటీ కాల్చద్దు బావా. మిగతాది మీ ఇష్టం."

"కాల్చకపోతే ఏమొస్తాది?"

"చూస్తాం."

"చూసేదానికి నీకేం, అంగట్లో ఫ్యాను కింద కూర్చోనుంటావు. గొర్రెలు అడిగేది నన్ను." బీడీ ఆర్పి, ఆయన అసలు భయం బయట పెట్టినాడు. "గడ్డి బాగా లేసిందనుకో. ఎవురో ఒకరు వచ్చి ఈడ కంచె ఏస్తాం, మందను రానియ్యం అంటారు. అప్పుడు?"

"అట్లా కాదు. నేనున్నా గదా."

నేనున్నా అన్నాను. ఉండి ఏమి చేస్తానో నాకే తెలియదు. దారం అమ్ముకునేవాడి మాటకు సర్కారు ఆగుతుందా? అయినా బావ నమ్మినాడు. ఆ ఎండాకాలం పడమటి వాలు కాలలేదు. మరుసటి ఏడూ కాలలేదు. బోద మోకాలు దాటింది, నడుము దాటింది. కలివి మళ్ళీ పూసింది. మంద దాంట్లోనే మేసి దిగేది. నా మాట అట్లా నిలబడుతూ వచ్చింది.

ఈ యేడు హిందూపురం కాలేజీ లెక్చరర్ ఒకాయన నా అంగడి వెతుక్కుంటూ వచ్చినాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. కొండ ప్రాంతాల జీవవైవిధ్య పరిరక్షణ మీద సదస్సు పెడుతున్నారట. మొదటి రోజు కాలేజీలో ఉపన్యాసాలు, రెండో రోజు మా కొండ చూడటం, సాయంత్రం తీర్మానాలు. "మీరు కమిటీలో ఉండాలి పెద్దాయనా. ఆ ఊరు తెలిసినవాళ్ళు మాకెవరూ లేరు" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. ఆయన బస్సెక్కి పోయేసరికి ఆ సంతోషం కాస్తా గుబులుగా మారింది. ఇన్నాళ్ళు ఆ వాలును ఎవరూ పట్టించుకోలేదు కాబట్టే బతికింది. ఇప్పుడు చదువుకున్నవాళ్ళ కండ్లు దాని మీద పడతాయి.

కమిటీ సమావేశాలకు ధర్మవరం నుంచి ప్యాసింజరు బండిలో హిందూపురం పోయి వచ్చేవాణ్ణి. ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ఎవరి కింద పడాలి, బ్యానరు పచ్చరంగుదా నీలందా, పొద్దున టిఫినుకు ఉప్పిట్టు పెడితే బెంగుళూరువాళ్ళు నవ్వుతారా అని గంటలు గంటలు మాట్లాడినారు. కొండ మాట వచ్చేసరికి అందరికీ బస్సు టయిమైంది. ఒక రోజు నేను ఉండబట్టలేక, "ఇంతకూ ఆఖర్న ఏమని తీర్మానిస్తారు?" అని అడిగినాను. లెక్చరర్ ముసాయిదా చేతికిచ్చినాడు. సభకు అధ్యక్షత వహించబోయే పెద్ద ప్రొఫెసర్ పంపించిందట.

మధ్యలో ఒక వాక్యం ఉంది. కొండ మీద గొర్రెలు, మేకల మేపును పూర్తిగా నిషేధించాలి.

"ఇది తీసేయండి సార్."

"ముసాయిదానే కదా. ఇట్లాంటివి ప్రతి సదస్సులోనూ రాస్తారు పెద్దాయనా. ఎవరు చదువుతారు?"

"పేపరాయన చదువుతాడు. పేపర్లో పడితే పొద్దున మొదటి బస్సుకే మా ఊరికి తెలుస్తుంది."

"తెలిస్తే?"

తెలిస్తే ఏమవుతుందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. మందను రానియ్యని గడ్డి మాకెందుకని ఎవడో ఒకడు అగ్గిపుల్ల గీస్తే చాలు. బావ కూడా ఆపలేడు. ఆపమని అడిగే మొహం నాకుండదు. లెక్చరర్‌కు ఇదంతా చెప్పినాను. పాపం, విన్నాడు. ప్రొఫెసర్‌ను ఎదిరించే ధైర్యం ఆయనకు లేదు. "సభలో మీరే లేవనెత్తండి" అన్నాడు. కార్యక్రమంలో చూస్తే నాకు మాట్లాడే సమయమే లేదు. నన్ను 'స్థానిక సహకారం' కింద వేసినారు, షామియానా ఆయన పక్కన.

ఊరికి పోయి బావకు సదస్సు సంగతి చెప్పినాను. ఆ వాక్యం సంగతి చెప్పలేదు, నోరు రాలేదు.

"గడ్డిని చూసేదానికి బస్సు కట్టుకోని వస్తాండారా?" అని ఆశ్చర్యపోయినాడు బావ. "వాళ్ళూర్ల గడ్డి లేదా ఏంది?"

"మన గడ్డి ఉండాదని తెలిసి వస్తాండారు."

"ఏమప్పా, మొహం అట్ల పెట్టినావు? ఇంటికి పెండ్లివారొస్తాంటే ఆడపిల్ల నాయన కూర్చున్నట్ల కూర్చున్నావే."

మొదటి రోజు దీపం వెలిగించినారు, శాలువలు కప్పినారు. నన్ను కూడా పిలిచి ఒకటి కప్పినారు. తెర మీద బొమ్మలు పోతున్నాయి, నాకేమీ ఎక్కలేదు. మధ్యాహ్నం భోజనాల వరసలో నా ముందర బెంగుళూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది. గడ్డి జాతుల మీదే పరిశోధన చేస్తుందట. నాకు కన్నడం వస్తుందని తెలిసి ఆ బాసలోనే మాట కలిపింది. పడమటి వాలు గురించి చెప్పినాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల విస్తరి పట్టుకుని ఆలోచించి, "ఇన్నేండ్ల ఎండుగడ్డి అట్లే నిలబడి ఉందంటే, తాతా, ఇప్పుడు నిప్పు పడితే ఇదివరకటి మాదిరి పైపైన కాలి ఊరుకోదు. చెట్లూ వేర్లూ కూడా పోతాయి. మంద తిరగబట్టే ఇంకా కాస్త పలుచగా ఉంది" అనింది.

నాకు కోపం వచ్చింది. నేను చేసిన మంచి పనిలో ఇంత ప్రమాదముందని అన్నం ముందర చెప్పాలా? ఆమె తప్పు చెప్పలేదని చారు అన్నంలోకి వచ్చేసరికి అర్థమైంది. అంటే నా మాట ఎన్నాళ్ళు నిలబడితే అంత పెద్ద మంటకు సాయం చేస్తున్నానా? ముసాయిదాలోని వాక్యం సంగతి ఆమెకు చెప్పినాను. "దానికి ఆధారం ఏముంది? అడుగుతాను" అనింది. అడుగుతుందో లేదో.

రెండో రోజు పొద్దున బస్సు హిందూపురం నుంచి బయలుదేరింది. వెనక సీట్లలో పాటలు. సోమందేపల్లి దాటి హైవే ఎక్కినాక ఎవరో కిటికీలోనుంచి చూపించి, "అక్కడ పొగమంచు ఇంకా పోలేదే" అన్నారు.

మా దిక్కు ఆ ఎండకు మంచెక్కడిది? మా కొండ నుంచి తెల్లగా, వంకర లేకుండా లేస్తున్న పొగ అది.

వాక్యం సంగతి ఊరికి ఎట్లా చేరింది? కాలేజీలో మా వైపు పిల్లలున్నారు, వాళ్ళలో ఎవరైనా చెప్పినారా? బావకు ఫోను చేసినాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసినాను. ముందర సీట్లో లెక్చరర్ వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ ముందుకు తిరిగినాడు. హైవే దిగి మా ఊరి దారి పట్టేదాకా నేను దేవుడికి మొక్కలేదు. ఎవరి పక్షాన మొక్కాలో తెలియలేదు.

బస్సు ఆగింది. కొండ కింద వేపచెట్టు నీడలో మజ్జిగ కడవలు పెట్టుకుని బావ నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. కనుబొమ్మలు మాత్రం కమిలి ఎర్రగా ఉన్నాయి.

"రాండి సార్, రాండమ్మా. దారి రాజబాట మాదిరి చేసినాం. పామూ పుట్రా ఉండదు, దర్జాగా నడవచ్చు."

కొండ ఎక్కే కాలిబాటకు రెండు పక్కలా గడ్డి కాలి నల్లగా బూడిదై ఉంది.

అప్పుడు అర్థమైంది. ముందురోజు లెక్చరర్ బావకు ఫోను చేసి, అతిథుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు, దారి బాగుండేట్టు చూడమని చెప్పినాడట. మా ఊళ్ళో కొండ మీది దేవుడికి పల్లకీ పోయేముందు బాటకు రెండువైపులా కాల్చి శుభ్రం చేస్తారు. మా వాళ్ళు చేయగలిగిన మర్యాద అంతకుమించి లేదు. ఆ మర్యాదే వీళ్ళకు చేసినారు. కోస్తా మనిషికి అది తెలియదు. తెలిసినవాణ్ణి నన్ను ఎవరూ అడగలేదు.

గాలి తిరిగి ఒక నాలుక పడమటి వాలు మీదికి పోయిందట. తెల్లవారిందగ్గర నుంచి కాపరులంతా పచ్చి బందారు కొమ్మలతో కొట్టి కొట్టి ఆర్పినారు. పెండ్లి పందిరి పట్టేంత మేర కాలింది. మిగతా బోద అట్లే ఉంది, ఎండకు మెరుస్తా.

ప్రొఫెసర్ ఆ నలుపును చూసినాడు. మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉంది. "చూశారా, ఇందుకే నిషేధం రాసింది. ఇంకా గట్టిగా రాయాలి" అని, నా వైపు తిరిగి, "మీరే చెప్పండి వీళ్ళకు, వాళ్ళ భాషలో" అన్నాడు.

వాళ్ళ భాషలో! ఆయనదీ తెలుగే.

నేను కాదంటే ఇంకెవరో చెబుతారు. ఇచ్చిన మాట నా నోటితోనే పోవడం నయమనుకున్నాను. "బావా, ఇంగ కొండ మీదికి మంద పోగూడదంట. ఈ పొద్దు సాయంత్రం సభలో తీర్మానం చేస్తారంట" అన్నాను.

"ఎవురు, వీళ్ళా?"

"వీళ్ళే."

"మజ్జిగ తాగకముందు అనుకున్నారా, తాగినాంక అనుకున్నారా?"

కొందరు నవ్వినారు. ఒకాయన గ్లాసు కింద పెట్టేసినాడు. బావ నవ్వలేదు. నా వైపు చూసి, "నువ్వున్నావు గదా" అన్నాడు, అంతే.

నేను ప్రొఫెసర్ ముందుకు పోయినాను. "సార్, ఈడ గడ్డి ఉంది కాబట్టి మీరొచ్చినారు. వీళ్ళు కాల్చకుండా ఊరకున్నందుకు గడ్డి ఉంది. మందను ఎవరూ ఆపరని నేను చెబితే ఊరకున్నారు. మీరు ఆ ఒక్క మాట రాసినారంటే వచ్చే ఏటికి ఈడ చూసేదానికి ఏమీ మిగలదు."

"బెదిరిస్తున్నారా?"

"లేదు సార్. భయపడతాండా."

గడ్డి పరిశోధన చేసే అమ్మాయి అప్పటికే కాలిన బాట వెంబడి కొంతదూరం పోయి వచ్చింది. కన్నడమూ తెలుగూ కలిపి, ఎంతమంది నిలబడినారు, గాలి ఎప్పుడు తిరిగింది, ఒకసారి కాలిన ఈ నల్లటి పట్టీని దాటి మంట మళ్ళీ ఆ పక్కకు పోయిందా అని బావను అడిగింది. పోలేదన్నాడు. అప్పుడు ప్రొఫెసర్‌తో, "సార్, ఈ కొండ మీద మేపు గురించి మన దగ్గర ఏ అధ్యయనమూ లేదు. నిషేధమని ఏ ఆధారంతో రాస్తాం?" అనింది. అడుగుతానని అడిగింది.

సాయంత్రం హిందూపురంలో ఆ వాక్యం దగ్గర వాదన చాలాసేపు నడిచింది. ప్రొఫెసర్ ఊరకే దిగిరాలేదు. ఆఖరికి 'నిషేధించాలి' పోయి, 'కాపరులతో కూర్చుని నిర్ణయించాలి' అని పడింది. కూర్చుంటారా, ఎవరు కూర్చుంటారు, ఎప్పుడు? నేను అడిగినాను. జాతీయగీతానికి లేచి నిలబడమన్నారు.

మరుసటి రోజు పొద్దున్నే ధర్మవరం బస్టాండుకు పోయి పేపరు కొన్నాను. అక్కడే నిలబడి పేజీలన్నీ తిప్పినాను. దీపం వెలిగించే ఫోటో ఉంది, శాలువల ఫోటో ఉంది. తీర్మానం ఒక్క ముక్క లేదు. కొండ మాటే లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. రెండు రోజులు మాట్లాడిందాంట్లో వీళ్ళకు కనబడింది దీపమేనా?

ఆ ఎండాకాలమంతా గాలి ఎక్కువైనప్పుడల్లా అంగట్లోనుంచి బావకు ఫోను చేసేవాణ్ణి.

"కొండ ఎట్లుండాది బావా?"

"ఆడనే ఉండాది. దానికి యాడికన్నా పోయే పనుందా?"

మళ్ళీ చేస్తే, "నీ పెండ్లాం ఇంట్లో లేదా ఏమప్పా, ఊరికే నాకు చేస్తాండావు" అని తిట్టేవాడు. తిట్టినాడంటే కొండ కాలలేదని అర్థం. ఫోను ఎత్తని రోజు నాకు బేరం మీద మనసు నిలిచేది కాదు.

తొలి వాన పడిన మరుసటి రోజు ఆయనే చేసినాడు. కాల్చిన బాట పక్కల లేతగడ్డి లేచిందన్నాడు. వచ్చే ఏడు ఎండ ముదరకముందే, అందరూ కొమ్మలు పట్టుకోని నిలబడి, పెద్ద మంట వాలు మీదికి పాకకుండా ఆ పట్టీ ఒక్కటే కాల్చుకుంటామన్నాడు. ఆ బెంగుళూరు పిల్ల ఫోను చేసి చెప్పిందట. నాకు చెప్పకుండా నేరుగా ఆయనకే! సరే, పోనీ.

"మంద?" అని అడిగినాను.

"పొద్దున పడమటి వాలుకే తోలినా."

"ఎవరన్నా..."

"ఎవురూ ఆపలా" అన్నాడు బావ. "ఈ ఏటికి."