రామమందిరం అరుగు మీద కోడిగుడ్డు

మొన్న శుక్రవారం మా ఊళ్లో అంగన్‌వాడీకి సొంత భవనం తెరిచారు. గోడల మీద ఏనుగులు, మామిడిపళ్లు, అఆలు. పిల్లల ఎత్తుకి అందే కుళాయిలు. దీపం వెలిగించమని నన్ను పిలిస్తే వెళ్లి వెలిగించాను. వచ్చిన అధికారి మైకు పట్టుకుని, ఇన్నేళ్లూ ఈ కేంద్రం గ్రామ పెద్దల సహకారంతో రామమందిరం అరుగు మీద నడిచిందని, అది ఎంతో ఆదర్శమని చెప్పారు. పక్కన కూర్చున్న మా తోడికోడలు నా మోచేతి మీద గిల్లింది. ఇద్దరమూ పెద్దవాళ్లం, అంతమందిలో నవ్వితే బావుండదని పమిట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. ఆ సహకారం ఎలాంటిదో ఆవిడకీ నాకూ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాది పొందూరుకి దగ్గర్లో కిరాణా కొట్టు పెట్టుకుని బతికే కుటుంబం. మందిరం మా మావగారు కట్టించింది. మా నాన్నగారిదీ వ్యాపారమే అయినా సాయంత్రం కొట్టు కట్టేశాక నలుగురినీ కూర్చోబెట్టి పురాణం చదివి అర్థం చెప్పేవారు. నాకు అక్షరాల కంటే ముందు స్వామి కథే వచ్చింది. పెళ్లయి ఈ ఊరు వచ్చాక శనివారం ఆడవాళ్ల భజనకి తాళాలు పట్టింది నేనే. మా ఇంట్లో గుడ్డు అనే మాట కూడా పలికేవాళ్లం కాదు. కొట్లో ఎవరైనా అడిగితే మావగారు "ఆ తెల్లవి మా దగ్గర ఉండవు" అనేవారు. ఆయన తరవాత మందిరం పెత్తనం మా బావగారిది. బావగారి ఎదుట నేను నిలబడి మాట్లాడింది లేదు. నాకేదైనా చెప్పాలంటే ఆయన గోడ వైపు తిరిగి చెప్పేవారు, నేనూ నా జవాబు గోడకే చెప్పేదాన్ని. పాతికేళ్లు మా ఇద్దరి మాటలూ ఆ గోడే మోసింది.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది వానలకి అంగన్‌వాడీ అద్దె గది గోడ కూలింది. నెల లోపల వేరే చోటు చూడకపోతే కేంద్రాన్ని గెడ్డ అవతలి ఊరి కేంద్రంలో కలిపేస్తామని సూపర్‌వైజరు చెప్పి వెళ్లింది. ఆ గెడ్డ వానాకాలం నడుముల్లోతు పారుతుంది. మూడేళ్ల పిల్లలు దాటలేరు, నిండు నెలల వాళ్లు అసలే దాటలేరు. నేను మా ఆయనతో మందిరం అరుగు ఇద్దామన్నాను. గోడ అవతలి నుంచి బావగారి గొంతు వినిపించింది. "ఇద్దాం. మరి గుడ్ల సంగతి ఏటి? స్వామి గుమ్మంలో గుడ్లు ఉడకెడతారా?"

అప్పట్లో ప్రభుత్వం గర్భిణులకీ బాలింతలకీ రోజూ ఒక పూట భోజనం పెట్టేది. అన్నం, ఆకుకూర పప్పు, పాలు, గుడ్డు. కేంద్రానికి వచ్చి, అక్కడే కూర్చుని తినాలి. నేను నా తెలివంతా వాడి ఒక దారి కనిపెట్టాను. గుడ్లు కేంద్రంలో పనిచేసే ఆయమ్మ తన ఇంట్లో ఉడికించి, వెళ్లేటప్పుడు చేతికిస్తే ఎవరింటికి వాళ్లు పట్టుకెళ్లి తింటారు. అరుగు మడి అరుగుకుంటుంది, గుడ్డు గుడ్డుకుంటుంది. టీచరమ్మ ఒప్పుకోలేదు. "ఇక్కడే, మన కళ్ల ముందు తినాలి కదండి" అంది. "ఇంటికాడ తింటే అరగదా ఏటి?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చోటు పోతుందన్న భయంతో టీచరమ్మ నోరు మూసుకుంది. అటు స్వామికీ ఇటు సర్కారుకీ సంధి కుదిర్చానని నేను మురిసిపోయాను.

అరుగు మీద పిల్లలు చేరాక మందిరానికి కొత్త ప్రాణం వచ్చింది. కర్పూరం వాసనలో పాల వాసన కలిసింది. హాజరు పిలిస్తే "వచ్చాను" అనడానికి బదులు "గోవిందా" అనడం ఒకడు మొదలెట్టాడు, వారానికి అందరూ అదే పట్టుకున్నారు.

ఆ గర్భిణుల్లో నూలు వడికే ఇంటి కోడలొకతె ఉండేది. అంతకు ముందు ఏడాది ఏడో నెలలో బిడ్డ పోయింది. ఈసారి నిలిస్తే పొర్లుదండాలు పెడతానని వాళ్లత్త అరసవల్లి ఆదిత్యుడికి మొక్కుకుంది. ఒకరోజు టీచరమ్మ ఆ పిల్ల కార్డు నా ముందు పెట్టింది. బరువు రెండు నెలలుగా పెరగలేదు. "ఈ బిడ్డ కూడా నిలవదేమోనని బయిమేస్తందండి" అంది.

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అత్త రాట్నం దగ్గర, కోడలు గుమ్మంలో పత్తి దువ్వుతూ ఉన్నారు. గుడ్డు ఎవరు తింటున్నారని అడిగితే అత్త దాచలేదు.

"నా కొడుకు మగ్గం కాడ ఒళ్లిరగ్గొట్టుకుంటన్నాడు కదమ్మా, ఆడికెడతన్నాను."

"మరి కడుపుతో ఉన్నది ఇదా, ఆడా?"

"ఎక్కువ తింటే పిల్ల పెద్దదై కానుపు కష్టమైపోతాది సావుకారమ్మా. అయినా గుడ్డు ఇంటికి పంపమన్నది నువ్వే కదేటి?"

ఆమె మొగుడికి పెట్టలేదు, పరాయివాడికి పెట్టలేదు, కన్నకొడుక్కి పెట్టింది. ఆ గుడ్డుని ఆ ఇంటికి పంపింది మాత్రం నా మడి. తరవాత మరో నాలుగిళ్లు తిరిగాను. ఒక ఇంట్లో మావగారు, ఒక ఇంట్లో మరిది. ఒక్క గుడ్డూ చేరాల్సిన కడుపుకి చేరలేదు. మళ్లీ నూలు వడికే ఇంటికి వచ్చి ఆ కోడలి పక్కన కూర్చుని, ఆమె పత్తి దువ్వుతున్నదాన్ని కాసేపు చూసి, రేపటికి ఇస్తావా అని అడిగి తెచ్చుకున్నాను.

మర్నాడు ఏకాదశి. మధ్యాహ్నం హారతి అయి మగవాళ్లంతా బయటికి వచ్చేసరికి నేను అరుగు మీద గర్భిణుల మధ్య కూర్చుని ఉన్నాను. నా ముందు బేసిన్లో ఉడికిన గుడ్లు. బావగారు అలవాటుగా గోడ కోసం చూశారు. అరుగుకి గోడ లేదు. స్తంభం వైపు తిరిగారు.

"ఏకాదశి పూట ఏటీ పని? పురాణం సదివిన ఇంటి ఆడపిల్ల సేసే పనేనా ఇది?"

నేను లేచి, స్తంభాన్ని వదిలేసి ఆయన మొహం చూసి చెప్పాను. "పురాణంలో ఉన్నదే చేస్తన్నాను బావగారూ. స్వామి పుట్టకముందు యజ్ఞంలో వచ్చిన పాయసం ఎవరు తాగారు? రాణులు తాగారు. అక్కడే తాగారు. ఇంటికి పట్టుకెళ్లి మావగారి కంచంలో పెట్టలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన స్తంభానికే చెప్పారు. "పాయసమూ గుడ్డూ ఒకటా? జీవహింస స్వామి గుమ్మం తొక్కకూడదు."

అప్పుడు చెంగు ముడి విప్పి, ముందురోజు తెచ్చుకున్నది ఆయన కాళ్ల ముందు పెట్టాను. వాలుగ చేప దవడ. సన్నటి పళ్ల వరసతో అరచేతిలో ఇమిడేంత ఎముక. పొందూరు సన్న ఖద్దరుకి పత్తి దువ్వేది దాంతోనే. మా వైపు ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మందిరంలో మాత్రం ఎవరూ అనరు.

"మీ ఒంటి మీది పంచెకీ, లోపల స్వామికి కట్టిన బట్టకీ పత్తి దువ్వింది ఇదే. ఇన్నేళ్లు స్వామి మైలపడలేదు. ఈ అరుగు ఎలా పడుతుంది?"

బావగారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇక మీదట భజన తాళాలు ముట్టొద్దని సెప్పు" అని స్తంభానికి చెప్పి మెట్లు దిగబోయారు.

"ముట్టను. చేతులు ఖాళీ లేవు" అని నేను కూర్చున్నాను.

అంత మాట అన్నాక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగి దాన్ని ముట్టుకున్నది అదే మొదటిసారి. వడికేవాళ్ల కోడలు తినాలా వద్దా అని అరుగు కింద నిలబడ్డ వాళ్లత్త వైపు చూస్తోంది. అప్పుడు మెట్ల మీద నిలబడ్డ మా తోడికోడలు, సాక్షాత్తూ బావగారి భార్య, ఆయన్ని దాటుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి ఒక గుడ్డు తీసుకుంది. "ఇదెలా ఒలుస్తారే?" అంది. నాకూ తెలియదు. ఇద్దరమూ కలిసి పెంకుతో పాటు సగం తెల్లసొన పీకేశాం. ఆ పిల్ల ఆపుకోలేక నవ్వింది. "సన్నీళ్లల్లో ముంచి ఒలవండమ్మా" అని, మేం పాడుచేసిన గుడ్డే తీసుకుని తినేసింది. వాళ్లత్త వచ్చి పెంకులు ఏరింది. అరుగు మీద గుడ్డు తినడం అలా మొదలైంది.

బావగారు మందిరానికి తాళం వేయించగలరు. మర్నాటి నుంచి ఆయన ఖద్దరు మానేసి మిల్లు పంచెలో వచ్చారు. నేను రోజూ భయపడుతూనే గుడ్లు ఒలిచాను. మిల్లు పంచె మా ఎండకి ఒంటికి అంటుకుంటుంది. ఆయన నడుం దగ్గర గోక్కుంటూ హారతి ఇవ్వడం ఊరంతా చూసింది. నెల తిరక్కుండా ఒక పొద్దున మళ్లీ పొందూరు పంచె కట్టుకుని వచ్చారు. మా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. అరుగు నిలిచిందని నాకు ఆ పంచె చూసే తెలిసింది. భజన తాళాలు మాత్రం ఆయన పోయేదాకా నా చేతికి రాలేదు. శనివారాలు అరుగు మీద కూర్చుని, అరచేతులతోనే తాళం వేసి పాడాను. స్వామికి వినిపించలేదని నేను అనుకోను.

ఆ వడికే ఇంటి కోడలికి తొమ్మిది నెలలూ నిండి ఆడపిల్ల పుట్టింది. మొన్న దీపం వెలిగించేటప్పుడు నాకు హారతి పళ్లెం అందించింది ఆ అమ్మాయే. నాలుగో తరగతి. రెండు జడలు, ఊడిన పన్ను.

సభ అయ్యాక మందిరానికి వెళ్లాను. అరుగు కడిగి ముగ్గు పెట్టారు. పాల మరకలు లేవు, మెతుకులు లేవు. ఆ గుడ్లు ముట్టినందుకు ప్రాయశ్చిత్తం చేసుకున్నావా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చేసుకోలేదు, చేసుకోను. మడి పోతే ఒక్క స్నానంతో తిరిగి వస్తుంది. కడుపులో బిడ్డకి మాత్రం ఆ తొమ్మిది నెలలు మళ్లీ రావు.