లేబుల్ వెనక పెన్సిల్ రాత

1983లో మిషిగన్‌లోని ఒక మ్యూజియంలో, పక్షుల విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ చచ్చిన పిట్టల చర్మాల్లో దూది కూరి, సొరుగుల్లో వరసగా పడుకోబెడతారు. వాటిని స్కిన్స్ అంటారు. ఒక్కో స్కిన్ కాలికి దారంతో ఒక లేబుల్ ఉంటుంది. ఏ పిట్ట, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చెప్పేది అదే.

నేను ఏలూరులో తొమ్మిదేళ్లు టైపిస్టుగా చేసినదాన్ని. ఫెయిర్ కాపీ తీశాక రఫ్ చించిపారేయడం అలవాటు. ఒక సొరుగులో జపాన్‌లోని ఒక దీవి నుంచి ఎప్పుడో వచ్చిన ఆరు గ్రాస్‌హాపర్ వార్బ్లర్లు ఉండేవి. మిడతలా కిర్రుమంటాయని ఆ పేరట. గుప్పెట్లో ఇమిడే మట్టిరంగు పిట్టలు. లేబుళ్లు పెళుసెక్కి రాలిపోతున్నాయి. ముందువైపు ఇంగ్లిష్‌లో ఉన్నదంతా పొందిగ్గా టైప్ చేసి కొత్తవి కట్టాను. ఒకదాని వెనక జపనీస్‌లో ఏదో పెన్సిల్ రాత ఉంటే పట్టించుకోలేదు. పాతవన్నీ చెత్తబుట్టలో వేసి, నా పని చూసి నేనే మురిసిపోయాను.

రెండు నెలలకు మూర్తి వచ్చాడు. గుంటూరు కుర్రాడు, అక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాడు. దీవుల్లో గూడు కట్టే ఈ పిట్ట, ఉత్తరాన రష్యాలో ఉండే పిట్టకు ఉపజాతి కాదు, వేరే జాతేనని అతని థీసిస్. నాలుగేళ్ల శ్రమ. ఆ స్కిన్స్ పంపినాయన రాసిన పాత ఉత్తరం తెచ్చాడు.

“సుశీలగారూ, ఈ ఆరింట్లో ఒకదాన్ని గూటి దగ్గర పట్టారటండి. మిగతావి మైగ్రేషన్‌లో అటుగా పోయే రష్యా పిట్టలు కావచ్చు. గూటిది ఏదో తెలిస్తే దాన్ని మెజర్ చేస్తాను, నా థీసిస్ నిలబడుద్ది. ఆ సంగతి దాని లేబుల్ వెనక రాశానని ఈ ఉత్తరంలో అన్నాడు. ఒరిజినల్స్ ఎక్కడ పెట్టారు?”

సొరుగు లాగి, నేను కట్టిన కొత్త లేబుళ్లు చూపించాను.

“ఫెయిర్ చేశాక పారేశాను బాబూ.”

“జోక్ చేయకండి.”

“వెనక రాత నాకు చదవడం రాలేదు...”

“పోనీ, రాత ఏ పిట్టకుందో గుర్తుందా?”

గుర్తులేదు. ఆరింటినీ తిప్పి తిప్పి చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

తిట్టినా బాగుండేది. సొరుగు మెల్లగా మూసి, “టైపింగ్ చాలా నీట్‌గా ఉందండి,” అన్నాడు. వెటకారం కాదు, ఇంకేమనాలో తోచక అన్నాడు.

మరుసటి ఏడు చదువు మానేసి, సన్నీవేల్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరాడు. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడేవాడు కానీ పిట్టల ఊసెత్తేవాడు కాదు. క్షమించమని అడగడానికి నాకూ నోరు రాలేదు.

అర్థం కాని రాతనే ముందు దాచాలని ఆ పనిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఒక్క చీటీ పారేయలేదు. ఏం లాభం? 1989లో నేను ఉద్యోగం మానేనాటికీ ఆ ఆరు పిట్టలూ పాత ఉపజాతి పేరుతోనే పడుకుని ఉన్నాయి. ఆ పేరు టైప్ చేసింది నేనే.