ఖాళీ షీట్ల లెక్క

నాయన మందుల డబ్బా మూత తీస్తే ముందు మాత్రల చేదు వాసన ముక్కుకు తగులుతుంది, కాసేపు అలాగే పట్టుకుంటే అడుగు నుంచి బూటు పాలిష్ వాసన లేస్తుంది. ఎప్పుడో మిలిటరీ క్యాంటీను నుంచి బిస్కెట్లతో వచ్చిన చదరపు రేకు డబ్బా అది. దానికి ఆకుపచ్చ రంగు వేసి, మూత మీద తెల్ల రంగుతో అమ్మ పేరు, దాని కింద తన సర్వీసు నంబరు రాసుకున్నాడు. అమ్మ పోయి ఆరేళ్ళయినా ఆ పేరు చెరపలేదు. ఇప్పుడు అందులో ఆయన బీపీ మాత్రలుంటాయి. ఒక పక్క నిండు షీట్లు, ఇంకో పక్క రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ షీట్లు. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే డబ్బా దించి లెక్క చూశాను. రోజుకు రెండు చొప్పున ఎన్ని అయిపోవాలో అన్నీ అయిపోయాయి, ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు. కానీ నెల నుంచీ బీపీ మిషను చూపించే అంకెలు దిగడం లేదు, మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ పట్టుకుంటున్నాడు. ఆ గురువారమే మాజీ సైనికుల క్లినిక్కుకు తీసుకుపోవాల్సి ఉంది. ఇంకెవరైనా అయితే లెక్క సరిపోయింది కదా అని నిశ్చింతగా మూత పెట్టేవాళ్ళు. సరిపోయింది గనకే నాకు భయం పుట్టింది. పదేళ్ళ వయసులో ఇలాగే సరిపోయే లెక్కను మోసినదాన్ని నేనే.

శింగనమల చెరువు దగ్గరి పల్లె మాది. చెరువు అని పేరే గాని నా చిన్నప్పుడు అందులో నీళ్ళ కంటే మేకలే ఎక్కువ కనిపించేవి. ఒక వాన పడగానే ఊరంతా వేరుశనగ విత్తడం, మొలక నాలుగాకులు వేసేసరికి మబ్బు కంటికి కనపడకుండా పోవడం, పంట ఎండి గొర్రెలకు వదిలేయడం, ఏటా ఇదే తంతు. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా పెన్షన్ మీద వచ్చిన నాయన తెలిసి తెలిసి ఈ నేల మీదే నాలుగెకరాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు ఆయనను మిలిట్రీ ఆయప్ప అనేది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చన్నీళ్ళతో గడ్డం గీసుకుని, చేనికి వేసుకుపోయే చెప్పులకు కూడా పాలిష్ పెట్టేవాడు. పరుపు చుట్టందే మా ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు. పెన్షన్ ఆయనకు కూడు, క్లినిక్కు కార్డు మాత్రం మర్యాద. "మంచులో నిలబడినందుకు ఇచ్చినారు, ఊరికే ఇయ్యలేదు" అంటూ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టి గుండీ వేసుకునేవాడు.

ఆ కార్డుతో మాకు పని పడింది అమ్మ వల్ల. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మకు ఫిట్స్ మొదలయ్యాయి. మాట్లాడుతున్న మనిషి కళ్ళు తేలేసి పడిపోయేది, ఎవరో పరిగెత్తి తాళాలగుత్తి చేతిలో పెట్టేవాళ్ళు, నేను గడప దగ్గరే బిగుసుకుపోయేదాన్ని. క్లినిక్కు డాక్టరమ్మ పొద్దునొకటి, రాత్రికొకటి మాత్రలు రాసింది, ఒక్క పూట కూడా తప్పకూడదని చెప్పింది. అప్పటి నుంచీ ప్రతి నెలా మొదటి గురువారం అనంతపురం ప్రయాణం. ఆ డాక్టరమ్మ మేజరుగా చేసిన మనిషి అని నాయన చెప్పినందుకు అమ్మ ఎర్రటి ఎండలో తన పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర కట్టుకుని బస్సెక్కేది, పెట్టెలోని కర్పూరం వాసన, బస్సు డీజిలు వాసన కలిసి నాకు కడుపులో తిప్పేది. తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర కాగితంలో బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ ఉంటుందనే ఆశతో ఆ తిప్పుడంతా ఓర్చుకునేదాన్ని.

సైన్యంలో పాత సామాను అప్పజెప్పనిదే కొత్తది చేతికివ్వరట. నాయన ఆ పద్ధతిని మా ఇంటి గూట్లోకి కూడా తెచ్చాడు. ఖాళీ షీటు ఒక్కటి కూడా పారేయకూడదు. ఆదివారం పొద్దున్నే అరుగు మీద చాప పరిచి, డబ్బాలోవన్నీ వరసగా పేర్చి, మిగిలిన మాత్రలూ ఖాళీ గుంతలూ లెక్కపెట్టేవాడు. తనిఖీ అన్నమాట. అమ్మ గుమ్మం పక్కన నిలబడేది. సరిపోగానే ఆయన మీసాల కింద చిన్న నవ్వు కదిలేది.

మా వీధికి ఇంకో పద్ధతి ఉండేది. ఏ ఇంటి గిన్నె అయినా ఖాళీగా వెనక్కి పోకూడదు. పండక్కి బెల్లం ఓళిగలు చేస్తే ఓళిగలు, ఏమీ లేకపోతే గుప్పెడు వేయించిన శనక్కాయలు. మూడిళ్ళ అవతల మేకల రత్నమ్మత్త ఉండేది. మేత వెతుక్కుంటూ ఆమె మొగుడు మందతో ఏ నది దిక్కుకో పోతే నెలలు రాడు. ఆమె కూతురు గంగ నాకంటే రెండేళ్ళు పెద్దది, అచ్చనగాయలు ఆడితే ఊళ్ళో దానికి ఎదురులేదు. అయిదు రాళ్ళు గాల్లోకి వేసి, చెయ్యి తిప్పి, అయిదూ వేళ్ళ వెనక నిలబెట్టేది. నాకు మూడు దాటేవి కావు. రోజూ పొద్దు గూకే వేళకు అది చిన్న ఇత్తడి గిన్నె పట్టుకుని పెరుగు తోడుకు మా ఇంటికి వచ్చేది.

ఒకసారి అమ్మ ఆ గిన్నె అడుగున, అరటాకు ముక్క కింద, నిండు మాత్రల షీటు పెట్టడం నేను చూశాను. గంగ వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"ఆ పిల్లకు గూడ నా మాదిరే వస్తాండాయి" అంది అమ్మ. "నాకు పొద్దున మాత్ర చాలు. మీ నాయనకు చెప్పొద్దు. ఊళ్ళో ఎవరితోనూ అనొద్దు. తెలిస్తే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు?"

అందుకే రత్నమ్మత్త పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. అక్కడ మనూరి వాళ్ళు ఎవరైనా చూస్తారని భయం. పొద్దున మాత్రను నాయన ఎదురుగానే అమ్మ మింగేది, రాత్రిది గంగది. తనిఖీ గండం ఒకటుంది కదా, దానికీ దారి దొరికింది. వాడుతున్న షీటు శనివారం సాయంత్రం గిన్నె కింద మా ఇంటికి వచ్చేది, ఆదివారం సాయంత్రం మళ్ళీ పోయేది. అయిపోయిన షీటు ఖాళీగా వచ్చి డబ్బాలో చేరేది. రాకపోకలకు నేనే బంట్రోతును. లంగా నడుం మడతలో షీటు పెట్టుకుని మూడిళ్ళు దాటుతుంటే అది నడుముకు గీరుకునేది, ఎదురుగా నాయన వస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. అయినా అబద్ధమెందుకు, ఎంత సరదాగా ఉండేదో! పెద్దవాళ్ళ రహస్యం నా నడుములో ఉందని లోపల ఎగిరి గంతేసేదాన్ని.

ఆ ఎండాకాలం ఊరికి రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. హారను వినపడితే చాలు, అన్నం ముందున్నవాళ్ళు కూడా బిందెలు తీసుకుని పరిగెత్తేవాళ్ళు. ఒక బుధవారం ఆ తోపులాటలో అమ్మ కళ్ళు తేలేసింది. బిందెల మధ్య, బురదలో, తల ట్యాంకరు చక్రానికి తగిలి పడింది. బురద మీద నెత్తురు పారుతుంటే పైన గొట్టంలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఎవరూ కట్టలేదు. నెత్తిన కట్టుతో, పట్టుచీరతో, మర్నాడే క్లినిక్కుకు పోయాం.

"రోజూ రెండు పూటలా వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

అమ్మ తలూపింది. నాయన ఖాళీ షీట్ల కట్ట బల్ల మీద పెట్టాడు, పతకాలు చూపించినట్టు. ఆమె వాటిని చూసి, మందు పనిచేయడం లేదు, ఇంకా గట్టిది రాస్తాను, దాంతో మత్తుగా ఉంటుంది, పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ పోనివ్వకండి అంటూ కలం తీసింది. అమ్మ నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపుకు అర్థం. నాకు మాత్రం చక్రం కింది నెత్తురే కనపడుతోంది.

"మాయమ్మ రోజుకు ఒగటే వేసుకుంటాది. ఇంగొగటి గంగకు ఇస్తాది" అన్నాను.

తిరుగు ప్రయాణంలో నాయన మమ్మల్ని నేరుగా బస్సెక్కించాడు. ఆ రోజు ఉగ్గాని కూడా లేదు. ఇంటికి రాగానే నాయన డబ్బాకు తాళం వేశాడు.

"సోమవారం నేనే ఆ పిల్లను పెద్దాసుపత్రికి తీసుకపోతా. అంతవరకు ఈ ఇంట్లోంచి ఒగ మాత్ర పోగూడదు. కార్డులో పేరు ఎవరిది?"

"ఈ నాలుగు దినాలన్నా ఇయ్యనియ్యి" అని అమ్మ అడిగింది, మళ్ళీ అడిగింది, చివరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలిసిందల్లా పద్ధతి. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు రాత్రికే అయిపోయిన షీటు బదులు కొత్తది కావాలని సాయంత్రం గంగ గిన్నెతో వచ్చింది. అమ్మ ఒట్టి తోడు వేసి పంపింది. అది గిన్నె అడుగు తడుముకుని నా వైపు చూసింది. నేను లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను.

ఆదివారం పొద్దున నాయన చాప పరుస్తుండగా రత్నమ్మత్త కేక వినపడింది. గంగ సంగటి గెలుకుతూ పొయ్యి మీదికే పడిపోయింది. నాయన చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు, మిలిటరీ కంబళిలో దాన్ని చుట్టుకుని ట్రాక్టరెక్కాడు. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు నాలుగూ కాలి కలిసిపోయాయి. ఆ చేతి మీద మళ్ళీ అచ్చనగాయలు నిలబడలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత పదేళ్ళపాటు, గంగకు పెళ్ళయి ధర్మవరం మగ్గాల ఇంటికి పోయేదాకా, ప్రతి నెలా ఒక రోజు క్లినిక్కుకు, ఇంకో రోజు గంగను తీసుకుని పెద్దాసుపత్రికి పోయాడు నాయన. తనిఖీ మానేశాడు. ఆ నాలుగు రోజుల గురించి మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు.

అందుకే మొన్న ఆదివారం లెక్క సరిపోగానే నేను పడుకోలేదు. సాయంత్రం ఆయన చేతికర్ర తీసుకుని నడకకు బయలుదేరితే గుమ్మంలో నిలబడి చూశాను. మూడిళ్ళ అవతల అరుగు మీద రత్నమ్మత్త ఒక్కతే కూర్చుని ఉంది. నాయన జేబు గుండీ విప్పి, షీటు తీసి, ఆమె చేతిలో పెట్టి, ఆమె ఇచ్చిన ఖాళీ షీటు జేబులో వేసుకుని ముందుకు సాగిపోయాడు. గిన్నె లేదు. మా వీధిలో ఇప్పుడు తోడుకు ఎవరూ ఎవరింటికీ పోరు, అంగట్లో పెరుగు ప్యాకెట్లు వచ్చాయి. ఓళిగలు కూడా ప్లాస్టిక్ డబ్బాల్లో పోతాయి, ఆ డబ్బాలు తిరిగి రావు. అదే వీధిలో ఉంటూ, ఈ ఊరి బళ్ళోనే పాఠాలు చెబుతూ, మోకాళ్ళ నొప్పులతో నడవలేక రత్నమ్మత్త తన బీపీ మాత్రలకు ఆసుపత్రికి పోవడం మానేసిందని నేను కనిపెట్టలేదు. సిగ్గేసింది.

సోమవారం బడికి సెలవు పెట్టి, ఆమెను ఆటోలో మండలం ఆసుపత్రికి తీసుకుపోయి, ఆమె పేరు మీద చీటీ రాయించి, నెలకు సరిపడా మాత్రలు ఇప్పించాను. "మీ నాయనకు చెప్పొద్దు పాపా, నొచ్చుకుంటాడు" అంది. సరే అన్నాను.

గురువారం క్లినిక్కులో కుర్ర డాక్టరు మిషను చూసి పెదవి విరిచాడు. "రోజూ రెండూ వేసుకుంటున్నారా తాతా?" నాయన నిటారుగా కూర్చుని రబ్బరు బ్యాండు కట్ట బల్ల మీద పెట్టాడు. డాక్టరు డోసు పెంచడానికి కలం తీశాడు.

"రోజుకు ఒగటే వేసుకుంటాండాడు సార్" అన్నాను.

నాయన మెడ నా వైపు తిరిగింది. ఆయన కళ్ళలో కోపం లేదు, భయం ఉంది.

"ఆ యమ్మ గతేమి పాపా?" అన్నాడు మెల్లగా.

నేను సంచిలోంచి రత్నమ్మత్త చీటీ తీసి ఆ కట్ట పక్కన పెట్టాను. "సోమవారమే రాయించినా నాయనా. ఆ యమ్మకు మాత్రలు చేరినాకనే ఈడ చెప్తాండా."

ఆయన చీటీని కంటికి దూరంగా పట్టుకుని పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. జేబులో కార్డు పక్కన పెట్టి గుండీ వేసుకున్నాడు.

"ఆ పొద్దు నేను గూడ ఇట్ల చేసింటే" అన్నాడు.

ఇన్నేళ్ళలో దాని గురించి ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే. బస్టాండులో ఇద్దరం ఉగ్గాని తిన్నాం. నీళ్ళు తాగుతూ నా ఎదురుగా మాత్ర మింగాడు. దాంతో షీటు ఖాళీ అయింది. దాన్ని కాసేపు వేళ్ళతో తడిమి నా చేతిలో పెట్టి, "పారెయ్ పాపా" అన్నాడు.