నెలకు లక్ష అని చెప్పినందుకు

మొన్న ఆదివారం గోదావరిఖనిల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వింటరా? ఎవ్వరూ తియ్యలే, నేనే తీసుకున్న!

మా బాపు బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పనిచేసిండు. ఇప్పుడు మోకాళ్లు పోయినయి, దగ్గు ఆగుతలేదు. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాసిండ్రు. అట్ల రాస్తే ఆ నౌకరి కొడుకులల్ల ఒక్కరికి వస్తది. నేనేమో హైదరాబాద్‌ల ఒక సెమీకండక్టర్ కంపెనీల చిప్ డిజైన్ చేస్త. తమ్ముడు డిగ్రీ అయిపోయి రెండేండ్లసంది ఖాళీగున్నడు.

"పెద్దోనివి, ముందుగాల నిన్నే అడగాలె. నౌకరి నీకు కావాల్నారా?" అన్నడు బాపు.

నేను నవ్విన! "నాకెందుకు బాపూ? పన్నెండు లక్షల ప్యాకేజీ. అంటే నెలకు లక్ష! తమ్మునికియ్యి."

నాకు అభ్యంతరం లేదని స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టిన. దిల్దార్‌గ ఫొటో గూడ దిగిన.

ఇంటికొచ్చి అవ్వ పెట్టిన చాయ్ తాగుతుంటే మల్లేశం కాక వచ్చిండు. బాయి ఆఫీసుల జీతాలు రాసే క్లర్కు. బాపు ఊకుంటడా? "మావోనికి నెలకు లక్ష! కాకకు సూపెట్టురా."

ఫోన్ల ఆఫర్ లెటర్ తెరిచిన. కాక అద్దాలు పెట్టుకున్నడు.

"గీ షేర్లు నాలుగేండ్లకు గాని రావట. గీ బోనసు కంపెనీకి లాభమొస్తెనే. గీ పీఎఫ్ గూడ దీంట్లనే కలిపిండ్రు. మరి చేతికెంత?"

"అంటే కాకా... కటింగులు పోంగ..."

"పోయిన నెల పేస్లిప్ తియ్యి."

తీసిన. ఏం చేస్త!

"యాభై రెండు వేలు! మీ బాపుకు ఆదివారం డ్యూటీలు కలిస్తే ఇంతకన్న ఎక్కువే పడుతుండె. మీదికెల్లి క్వార్టర్, కరెంటు!"

అవ్వ చాయ్ గ్లాసులు తీస్కపోయింది. మేమింక సగం గూడ తాగలేదు.

తమ్ముడు మెల్లగ అన్నడు, "అన్నా, కావాల్నంటె సంతకం వాపస్ తీస్కో."

ఆ మాటకు నిజంగ ఏడుపొచ్చింది. వానికి దిక్కున్నది అదొక్కటే. "పాగల్ గానివారా?" అని తిట్టిన. తిట్టేముందు ఒక్క సెకను ఆలోచించిన, అబద్ధమెందుకు!

పొద్దూకినంక బాపు దగ్గుకుంటనే బస్‌స్టాండ్ దాక వచ్చిండు. జీతం ముచ్చట తియ్యనే తియ్యలే. బస్సు కదిలేటప్పుడు కిటికీలకెల్లి ఐదువందల నోటు అందిచ్చిండు.

"ఆడోళ్లకైతే బస్సు ఫ్రీ. నీకు టికెటు గద బిడ్డా, ఉంచు."

వద్దు బాపూ అందామనే నోరు తెరిచిన. అప్పటికే నా చెయ్యి ఆ నోటును జేబుల పెట్టేసింది!